ఐడియా అంటే ఆలోచన ఒక్కటేనా?

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో పోటీ పరీక్షల బిట్ బుక్కులకు ఎప్పుడూ గిరాకీయే. ఇంగ్లీషు భాగం తెరిస్తే సినానిమ్స్ అని ఒక అధ్యాయం ఉంటుంది. ‘ఐడియా’ ఎదురుగా థాట్, నోషన్, కాన్సెప్ట్, ఒపీనియన్, ప్లాన్, ఇంప్రెషన్ అని ఒక వరస. తెలుగు అర్థం ఇచ్చే చోట మాత్రం ‘ఆలోచన’ అని ఒకే మాట. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో చదివే పిల్లలు ఆ వరసను బట్టీ కొడతారు. బిట్‌కు మార్కు పడుతుంది. అదే మాట ఉన్న ఇంగ్లీషు పేరాను తెలుగులోకి తెమ్మంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఇవన్నీ ఒకటేనని ఆ వరస నేర్పింది మరి.

ఇవి ఒకటి కావు. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట తెలుగు పది మాటలు వాడుతుంది, ఒక్కోదానికి ఒక్కో పని ఉంది. ఏది ఎక్కడ వాడాలో నిఘంటువులో వెతికితే అంత తొందరగా తేలదు. వెంట వచ్చే క్రియను చూస్తే ఇట్టే తేలిపోతుంది. ఆలోచన వస్తుంది. ఉపాయం తడుతుంది. అంచనా వేస్తారు. అభిప్రాయం ఏర్పడుతుంది. భావం కలుగుతుంది. సంకల్పం చెప్పుకుంటారు. పన్నాగం పన్నుతారు. ఈ జతలను విడదీసి చూస్తే తెలుగు చెవి ఒప్పుకోదు. ‘ఉపాయం కలిగింది’ అన్నా, ‘అంచనా తట్టింది’ అన్నా ఎక్కడో తేడా కొడుతుంది. ఆ తేడాలోనే అర్థం ఉంది.

గుంటూరు మిర్చి యార్డు సంగతి చూద్దాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు నిండా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. తేజ రకం తెచ్చిన రైతు కమీషన్ ఏజెంటును అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఇలాగే ఉంటుంది: “అన్నా, వచ్చే వారం రేటు మీద ఏమన్నా ఐడియా ఉందా?” జవాబు కూడా దాదాపు ఇలాగే: “ఇంకాస్త తగ్గుద్దని నా ఉద్దేశం. కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె పడుద్ది, చూసుకో మరి.” ఈ రెండు ముక్కల్లో చాలా విషయం ఉంది. రైతు అడిగిన ఐడియా ‘అంచనా’. క్వింటా ఎంత పలుకుతుందో, ఎటు పోతుందో, సరుకు ఇప్పుడే అమ్మాలో ఆగాలో తేల్చుకోవడానికి కావలసిన లెక్క. ఏజెంటు చెప్పిన ‘ఉద్దేశం’ అతని అభిప్రాయం. అది కచ్చితమైన సమాచారం కాదని, తన అనుభవంతో చెబుతున్న మాటేనని ఆ ఒక్క పదంతో జాగ్రత్తపడ్డాడు. ఇందులో ఎక్కడా ‘ఆలోచన’కు చోటు లేదు. ‘రేటు మీద నీకేమన్నా ఆలోచన ఉందా’ అని అడిగితే, రేటును ఏదో చేద్దామనుకుంటున్నావా అని అడిగినట్టుంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో అదే మాట ఇంకో పని చేస్తుంది. చాసిస్ మీద బాడీ కట్టేటప్పుడు ఎక్కడో కొలత కుదరదు. “ఏదో ఒక ఐడియా చెప్పు మేస్త్రీ” అంటాడు లారీ ఓనర్. అతనికి కావలసింది ఉపాయం. ఉపాయం అంటే చిక్కు విడిపోయే దారి. చిక్కు లేనిదే ఉపాయం లేదు. సామ దాన భేద దండాలను చతురుపాయాలు అన్నారంటే, అవి శత్రువు అనే చిక్కును విప్పుకునే నాలుగు దారులు కాబట్టే. ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు పెద్దలు. ఆ సామెతలో ఉపాయం బదులు ఆలోచన అని పెడితే సామెత చచ్చిపోతుంది. ఆలోచనాపరుడు ఊళ్లో ఉన్నంత మాత్రాన తెగిన గండి పూడదు కదా.

మూడో వాడుక రోడ్డు మీద వినిపిస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తవాళ్లు ఎవరైనా అడ్రస్ అడిగితే “ఐడియా లేదండీ” అంటారు. అంటే తెలియదని. ‘తెలియదు’ అని నేరుగా అంటే ముఖం మీద తలుపు వేసినట్టుంటుందని ఈ మాట వచ్చి కూర్చుంది. ఇంగ్లీషు మాటను తెచ్చుకున్నారని బాధపడేవాళ్లు ఉన్నారు. కానీ ఇక్కడ అది మర్యాద కోసం వచ్చింది, దానికి తగిన చోటులోనే ఉంది. అదే మాటను గద్దించడానికీ వాడతారు: “అసలు నీకేమన్నా ఐడియా ఉందా?” ఇది ప్రశ్న కానే కాదు, విషయం తెలియకుండా మాట్లాడకు అని. ఈ రెండు చోట్లా తెలుగులో సరైన మాట ‘అవగాహన’, ఇంకా తేలిగ్గా చెప్పాలంటే ‘తెలియడం’.

ఇంతకీ ఇంగ్లీషులోనైనా ఈ మాటకు మొదటి నుంచీ ఇదే అర్థం ఉందా అంటే, లేదు. మూలం గ్రీకు. అక్కడ అది ‘చూడటం’ అనే ధాతువు నుంచి పుట్టింది. మొదట్లో ఐడియా అంటే కంటికి కనిపించే రూపం, ఆకారం. ప్లేటో దాన్ని పట్టుకుని, కంటికి కాకుండా బుద్ధికి మాత్రమే కనిపించే శాశ్వత రూపాలకు ఆ పేరు పెట్టాడు. లోకంలోని గుర్రాలన్నీ పుట్టి పోయేవే, గుర్రం అనే రూపం మాత్రం ఎప్పటికీ ఉండేది. ఈ లెక్కన ప్లేటో ఐడియా మనిషి తలలో ఉండే వస్తువే కాదు. అన్ని తలలకూ బయట, అన్నిటికన్నా ముందు ఉన్నది. దాన్ని తల లోపలికి పూర్తిగా తెచ్చింది 17వ శతాబ్దపు తత్వవేత్తలు. మనిషి ఆలోచించేటప్పుడు బుద్ధి ముందు ఏది ఉంటే అదంతా ఐడియానే అన్నాడు జాన్ లాక్. తర్వాత 1739లో డేవిడ్ హ్యూమ్ ఇంకో గీత గీశాడు. ఎండ తగిలినప్పటి చురుకు ఒకటి, ఆ ఎండను తర్వాత తలుచుకోవడం ఒకటి. మొదటిది ఇంప్రెషన్, రెండోది దాని మసక నకలు, అదే ఐడియా. బిట్ బుక్కులో ఈ రెంటినీ పర్యాయపదాలుగా పక్కపక్కన వేస్తారు. హ్యూమ్ వాటిని విడదీస్తూనే తన గ్రంథం మొదలుపెట్టాడు.

చూపు నుంచి పుట్టడం గ్రీకు మాటకే పరిమితం కాదు. ఆలోచనలో ఉన్నది ‘లోచ’ ధాతువు, లోచనం అంటే కన్ను. అచ్చ తెలుగు ‘తోచు’కు పాత అర్థం కనబడటం. ‘నాకేమీ తోచట్లేదు’ అన్నప్పుడు లోపల ఏదీ కనపడట్లేదనే అర్థం. ఎక్కడి గ్రీకు, ఎక్కడి సంస్కృతం, ఎక్కడి తెలుగు! మూడు చోట్లా మనిషి తన తలపును లోపలి చూపుగానే పట్టుకున్నాడు. తెలుగులో ఇంకో దారి కూడా ఉంది. ‘అనుకోవడం’ అంటే తనతో తాను అనడం. పైకి అంటే మాట, లోపల అనుకుంటే తలపు. ఇక్కడ ఆలోచన చూపు కాదు, నోరు దాటని మాట. అందుకే ‘అనుకోకుండా’ జరిగింది అంటే మనసులో ముందుగా ఒక్క మాటైనా అనుకోనిది జరిగిందని. మనసులో మాట అనే జాతీయం కూడా ఈ దారిలోనిదే.

తెలుగు వ్యాకరణం ఇక్కడ ఒక మంచి తేడా చూపిస్తుంది. ‘నేను ఆలోచించాను’ వేరు, ‘నాకు ఆలోచన వచ్చింది’ వేరు. మొదటిది మనం చేసిన పని, రెండోది మనకు జరిగినది. తట్టింది, తోచింది, స్ఫురించింది, అనిపించింది, గుర్తొచ్చింది — వీటన్నిటికీ ‘నాకు’ కావాలి, ‘నేను’ కుదరదు. తలపు మన అధీనంలో ఉండేది కాదని, దానంతట అది వచ్చి వాలుతుందని ఈ వాక్యనిర్మాణమే ఒప్పుకుంటోంది. అనువాదాలు చెడేది సరిగ్గా ఇక్కడే. ఇంగ్లీషులో ‘ఐ థింక్’ అని ఉన్న ప్రతిచోటా ‘నేను ఆలోచిస్తున్నాను’ అని రాస్తే చదివేవాళ్లకు ఒళ్లు మండుతుంది. ‘అతను రేపు వస్తాడనుకుంటా’ అన్న చోట ఆలోచించే పనేమీ జరగట్లేదు. కచ్చితంగా చెప్పలేను అనే సంకోచం ఒక్కటే ఉంది. తెలుగు దానికి ఒక్క ప్రత్యయమంత మాట వాడి ఊరుకుంటుంది.

ఆలోచనకు తెలుగు ఇళ్లల్లో ఉన్న ఇంకో అర్థం ఏ ఇంగ్లీషు పర్యాయపదాల పట్టికలోనూ దొరకదు. “ఏంటి వదినా, ఆలోచనలో పడ్డావ్?” అని అడిగితే కొత్త ఐడియా ఏమిటని కాదు, దిగులు దేనికని. “ఎక్కువ ఆలోచించకండి, రాత్రిపూట నిద్రపోండి” అని డాక్టరు చెప్పినా అదే. ఆడపిల్ల పెళ్లి, అబ్బాయి ర్యాంకు, తీరని అప్పు — వీటి మీద తిరిగే ఆలోచనకు ముగింపు ఉండదు, ఫలితమూ ఉండదు. ఈ తరం దాన్ని టెన్షన్ అంటుంది, ‘థాట్స్ ఎక్కువగా వస్తున్నాయి’ అని కూడా అంటుంది. సంస్కృతంలో చింత అంటే ఆలోచనే. తెలుగులోకి వచ్చి అది బెంగ పక్కన చేరింది. పాత అర్థం ‘చింతన’లో భద్రంగా మిగిలింది. ఆధ్యాత్మిక చింతన చేసేవాణ్ణి చూసి ఎవరూ జాలిపడరు, చింతలో ఉన్నవాణ్ణి చూస్తే పడతారు. ఎక్కువసేపు ఆలోచించడం, బాధపడటం పక్కపక్కనే ఉంటాయన్న అనుభవం ఈ మాటల్లోకి ఎక్కింది. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే డాక్టర్లు, కౌన్సెలర్లు ఈ అర్థాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ‘ఆలోచనలు ఎక్కువగా ఉన్నాయి డాక్టరుగారూ’ అన్న మాటను తేలిగ్గా తీసుకుంటే ఆ మనిషి చెప్పుకున్న బాధ వినపడకుండా పోతుంది.

సంప్రదింపు అనే అర్థం కూడా ఆలోచనకు ఉంది. పెళ్లిచూపులు అయ్యాక “ఇంట్లో ఆలోచించుకుని కబురు చేస్తాం” అంటారు. నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడమే ఇక్కడ ఆలోచించడం. కబురు రాకపోతే జవాబు తెలిసిపోయినట్టే.

ఊహ కథ మరీ అందమైనది. బిట్ బుక్కులు దీన్ని ‘ఇమాజినేషన్’ దగ్గర పడేసి వదిలేస్తాయి. కానీ ‘ఊహ తెలిసినప్పటి నుంచి ఈ కృష్ణ ఒడ్డునే ఉన్నాం’ అన్నప్పుడు అందులో కల్పన ఏమీ లేదు. పసిపిల్లలో తాను, ఇతరులు, చుట్టూ ఉన్న లోకం అనే ఎరుక కలిగే ఘడియను తెలుగు ‘ఊహ తెలియడం’ అంది. లేనిదాన్ని మనసులో నిలుపుకోగలగడమే తెలివికి మొదటి గుర్తు అని ఈ మాట తయారుచేసినవాళ్లకు తెలిసే ఉండాలి. అదే ఊహ పత్రికల్లోకి వెళితే ‘ఊహాగానాలు’ అవుతుంది. మంత్రివర్గ విస్తరణ మాట వినపడినప్పుడల్లా ఆ గానం మొదలవుతుంది.

భావం మరీ విస్తారమైన మాట. పదో తరగతి తెలుగు పేపర్లో ‘పద్యానికి భావం రాయండి’ అంటే తాత్పర్యం అని. భావకవిత్వంలో భావం అంటే హృదయం లోపలి అనుభూతి. తత్వశాస్త్రంలో మళ్లీ ఐడియానే. ఇది బాగా తెలిసింది విజయవాడకే అనుకోవచ్చు. విశాలాంధ్ర పత్రిక 1952లో ఇక్కడే మొదలైంది, వామపక్ష ప్రచురణలకు ఈ ఊరు కేంద్రమైంది. ఆ పుస్తకాలు, రాజకీయ పాఠశాలలు తెలుగువాళ్లకు భావవాదం, భౌతికవాదం అనే జంటను అలవాటు చేశాయి. పదార్థం ముందా, భావం ముందా అనే చర్చ అది. భావవాదం అన్నది ‘ఐడియలిజం’ అనే ఇంగ్లీషు మాటకే తెలుగు. ఆ ‘ఐడియలిజం’నే బడి ఉపన్యాసంలో ‘ఆదర్శవాదం’ అంటారు, అంటే విలువల కోసం నిలబడటం. తెలుగు ఒక్క ఇంగ్లీషు మాటను రెండుగా చీల్చి మంచి పని చేసింది. భౌతికవాదిగా ఉంటూనే గొప్ప ఆదర్శవాదిగా బతికిన కార్యకర్తలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎందరో. ఇంగ్లీషులో ఆ వాక్యం రాయాలంటే పక్కన వివరణ పెట్టుకోవాలి. తెలుగులో ఏ వివరణా అక్కర్లేదు. ఐడియా నుంచే పుట్టిన ‘ఐడియాలజీ’ని ఫ్రెంచివాడు దెస్త్యూ ద ట్రాసీ 1796లో తయారుచేశాడు. ఆయన దృష్టిలో అది భావాలను పరిశీలించే శాస్త్రం. తెలుగులో అది ‘భావజాలం’ అయింది. జాలం అంటే సమూహం, వల కూడా. రెండర్థాలూ దానికి నప్పుతాయి.

అభిప్రాయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ‘అభిప్రాయపడ్డారు’ లేకుండా తెలుగు పత్రిక ఒక్క రోజు కూడా రాదు. అభిప్రాయానికి ఎదురుగా ఇంకో అభిప్రాయం ఉండే వీలుంటుంది, అది దాని లక్షణం. ఉపాయానికి అలాంటి ఎదురు ఉండదు. పనిచేస్తుంది, లేదంటే చేయదు.

సంకల్పానిది వేరే స్థాయి. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ గుళ్లో పూజ చేయించినా, ఇంట్లో వినాయకచవితి చేసుకున్నా ముందు సంకల్పం చెబుతారు. ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ తిథి, ఎక్కడ, ఎవరు, ఏ ఫలం కోసం అని పూర్తిగా పలికితేగాని అది సంకల్పం కాదు. విజయవాడలో అయితే శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల మధ్య దేశంలో అని వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు వెళితే అది కృష్ణా కావేరుల మధ్య దేశం అయిపోతుంది. తలపుకు ఊరూ పేరూ తేదీ అక్కర్లేదు, సంకల్పానికి మూడూ కావాలి. ‘చేద్దామని ఐడియా ఉంది’ అనేవాడికి, ‘చేస్తానని సంకల్పం చెప్పుకున్నాను’ అనేవాడికి ఉన్న దూరం అంత. ఆఫీసు భాషలో ప్రాజెక్టు ప్రతిపాదన అని రాసే కాగితం కూడా ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎందుకు అనే ప్రశ్నలకే జవాబు ఇవ్వాలి.

ఇప్పుడు మళ్లీ బిట్ బుక్కు వరసకు వస్తే, అందులోని మాటలు వేటికవే నిలబడతాయి. ‘థాట్’ తలపు, మనసులో మెదిలేది. ‘నోషన్’ గట్టి ఆధారం లేని అనుకోలు, చాలాసార్లు అపోహకు దగ్గర. ‘కాన్సెప్ట్’ భావన, అంటే ఎన్నో ఉదాహరణల నుంచి తీసిన సాధారణ రూపం. గుంటూరు, విజయవాడ ఇంటర్ కాలేజీల్లో లెక్చరర్లు “కాన్సెప్ట్ పట్టుకోండి, లెక్క అదే వస్తుంది” అన్నప్పుడు ఈ మాటను సరైన అర్థంలోనే వాడుతున్నారు. అదే మాట స్కూలు బోర్డు మీదికి, పెళ్లి ఫోటోల ఆల్బమ్ మీదికి ఎక్కినప్పుడు మాత్రం ‘ప్రత్యేకం’ అనే అర్థం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ‘ఇంప్రెషన్’ మనసు మీద పడిన ముద్ర. ‘ప్లాన్’ పథకం, అది ఎదుటివాడి మీద అయితే ఎత్తుగడ, చెడ్డదైతే పన్నాగం. ఈ చివరి మూడింటికీ ఇంగ్లీషులో ఐడియా అని సరిపెట్టవచ్చు. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్న మరుక్షణం చెప్పేవాడి తీర్పు బయటపడుతుంది.

ఈ తేడాలు డబ్బు దగ్గరా, కోర్టు దగ్గరా ఎంత బరువైనవో సినిమా మనుషులకు బాగా తెలుసు. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులకు పేరుపడ్డ విజయవాడ గాంధీనగర్‌లో కథ గురించి మాట్లాడేటప్పుడు ‘పాయింట్’, ‘లైన్’ అంటారు. పాయింట్ అంటే కథకు బీజమైన ఐడియా. లైన్ అంటే దాన్ని మొదలు, మధ్య, ముగింపుగా సాగదీసిన రూపం. ‘నా పాయింట్ కొట్టేశారు’ అనే ఫిర్యాదు తరచూ వినపడుతుంది. అది చట్టం ముందు నిలబడటం కష్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసిన, గీసిన, స్వరపరిచిన, చిత్రించిన కృతికే అది రక్షణ ఇస్తుంది. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో దీన్ని స్పష్టంగా చెప్పింది. ప్రాంతీయ దురభిమానం మీద ఆయన రాసిన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని 1956 నాటి ‘న్యూఢిల్లీ’ సినిమా కాపీ కొట్టిందనేది ఫిర్యాదు. రెండింటికీ మూల విషయం ఒకటే అయినా, కథను నడిపిన తీరు వేరని కోర్టు తేల్చింది. ఐడియాకు, కథావస్తువుకు, చారిత్రక విషయాలకు కాపీరైట్ లేదని, వాటిని చెప్పిన రూపానికే ఉందని అంది. ఆనంద్ ఓడిపోయారు.

ఈ తీర్పును తెలుగులో వివరించేటప్పుడు మాటల దగ్గర జాగ్రత్త అవసరం. ‘భావాలకు రక్షణ లేదు’ అని రాస్తే చదివినవాడు కంగారుపడతాడు. ఎందుకంటే రాజ్యాంగం 19వ అధికరణ కింద మనకున్న హక్కును తెలుగులో ‘భావప్రకటనా స్వేచ్ఛ’ అనే అంటాం, ఆ భావానికి రక్షణ గట్టిగానే ఉంది. ఇక్కడ భావం బదులు ‘కథాబీజం’ అనో, ‘మూల ఆలోచన’ అనో రాస్తే తికమక ఉండదు. సినిమా వాళ్లతో అయితే పాయింట్ అంటే చాలు: పాయింట్ ఎవరిదైనా కావచ్చు, కాగితం మీద సీన్ల వారీగా రాసుకున్నదే రచయిత సొత్తు.